తలుపు లోపలి గొంతు

పోయిన వారం మన రచయిత్రిని గ్రంథాలయం మేడ మీది హాల్లో, రిహార్సల్ నట్టనడుమ, జవాబు దొరకని ప్రశ్న ముందు నిలబెట్టి వచ్చాం. ఆమె అయిదో నాటకం ప్రదర్శనకు ఇంకా పది రోజులే ఉంది. ఆఖరి రంగంలో ఒక తల్లి తన ఇద్దరు ఆడపిల్లల్ని వదిలిపెట్టి, పెదవి విప్పకుండా గడప దాటి వెళ్ళిపోవాలి. ఆ వేషం కట్టిన నర్సమ్మ, ఈవిడ ఎందుకు వెళ్ళిపోతోందో చెబితే తప్ప అడుగు కదపనని కుర్చీలో కూలబడింది. సరిగ్గా అప్పుడే, ఇంతవరకూ చెల్లెలి నాటకం ఒక్కటంటే ఒక్కటీ చూడని అక్క మెట్లెక్కి వచ్చి వెనక వరసలో కూర్చుంది.

అక్కను చూడగానే రచయిత్రికి కలిగింది సంతోషం కాదు, కంగారు. అక్క బట్టల కంపెనీలో కటింగ్ సెక్షన్ చూస్తుంది. వారమంతా నిలబడే పని. ఆదివారం వచ్చిందంటే కాళ్ళు చాపుకుని పడుకోవడమే ఆవిడకి పండగ. పన్నెండేళ్ళుగా రచయిత్రి ప్రతి నాటకానికీ పిలుస్తూనే ఉంది. ప్రతిసారీ ఏదో ఒక వంక. ఒకసారి ఓవర్ టైమ్, ఒకసారి మోకాలు, మరోసారి 'నాకు నాటకాలు అర్థం కావులేవే'. అలాంటి మనిషి ఎవరూ పిలవకుండా, మిట్టమధ్యాహ్నం, మోకాలి నొప్పితో రెండంతస్తులు ఎక్కి వచ్చింది. రచయిత్రి చెయ్యి ఊపింది. అక్క ఊపలేదు. చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని, డాక్టరు దగ్గర వంతు కోసం ఎదురుచూస్తున్నదానిలా కూర్చుంది.

హాలు మధ్యలో తలుపు నిలబడి ఉంది. గోడలు లేవు, ఒట్టి తలుపే. చౌకట్టు, ఒక రెక్క, పడిపోకుండా కింద రెండు ఇసుక సంచులు. చౌకట్టుకు నీలం కర్టెన్ వేలాడుతోంది. ముందుగది, వెనకగది నేల మీద సుద్దముక్కతో గీసిన గీతలు.

ఆ తలుపు వల్లే రచయిత్రికి బృందంలో 'గడపమ్మ' అని పేరు పడింది. ఆమె ఏ నాటకమైనా తలుపుతోనే మొదలుపెడుతుంది. కథ ఏమిటో తెలియకముందే, మనుషులెవరో తెలియకముందే, తలుపు ఎక్కడుందో తేల్చుకుంటుంది. తలుపు తెలిస్తే లోపల ఎవరున్నారో, బయట ఎవరున్నారో తెలుస్తుంది, ఆ తర్వాత మాటలు వాటంతటవే వస్తాయి అంటుంది. పగలంతా కళ్ళద్దాల దుకాణంలో వచ్చినవాళ్ళ చేత అక్షరాలు చదివించడం, అద్దాలు మార్చడం ఆమె ఉద్యోగం. ఇంటికొచ్చాక కుర్చీలన్నీ అటూ ఇటూ జరిపి, వాటి మధ్య నడుస్తూ అందరి మాటలూ తనే మాట్లాడుతుంది. ఒకే మాట మూడుసార్లు మారకుండా నోటికొస్తేనే కాగితం మీద పెడుతుంది. పక్క వాటాలో కొత్తగా దిగినావిడ, మీ ఇంట్లో చుట్టాలు ఎప్పుడు వెళతారండీ అని నెల తర్వాత మర్యాదగా అడిగింది.

కథలు రాయకుండా నాటకాలే ఎందుకు రాస్తారని ఎవరైనా అడిగితే ఆమె దగ్గర సిద్ధంగా ఒక జవాబుంది. కథలో అయితే మనిషి మనసులో ఏముందో రాసేవాళ్ళే చెప్పాలి, నాకు తెలియనిది నేనెలా చెప్పను, నాటకంలో ఆ బాధ లేదు, మనుషుల్ని ఎదురెదురుగా నిలబెట్టి మాట్లాడిస్తే చాలు. మాట్లాడనివాళ్ళ చేత మాట్లాడించడానికే నేను రాస్తాను అని కూడా ఒకసారి సభలో అంది. చప్పట్లు కొట్టారు.

ఇప్పుడు నర్సమ్మ ఆ మాటే పట్టుకుంది. ముప్పై ఏళ్ళు ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైన మనిషి ఆవిడ. రచయిత్రి నాలుగు నాటకాల్లోనూ వేషం వేసింది. ఆవిడను కసిరేవాళ్ళు బృందంలో లేరు.

"నిలబెట్టావు సరే, ఈవిడ చేత మాట్లాడించలేదేం?" అంది. "వార్డుల్లో ఎంతమందిని చూశాను. వదిలేసి వెళ్ళేవాళ్ళు గుమ్మం దగ్గర ఏదో ఒకటి అంటారు. మందు వేళకి వేసుకో అనైనా అంటారు. ఉత్తినే పోరు."

దర్శకుడు మధ్యలో దూరాడు. బడిలో డ్రాయింగ్ చెప్పుకునే కుర్రవాడు, గొడవలంటే పడదు. ముందు నడక చూసేద్దాం, కారణం తీరిగ్గా చూసుకోవచ్చు అన్నాడు. నర్సమ్మ అతనివైపు చూడను కూడా లేదు. రచయిత్రి ఏదో ఒకటి చెప్పి గట్టెక్కుదామనుకుంది. బహుశా విసుగు కావచ్చంది. బహుశా భయమేమో అంది. బహుశా అని చెప్పి నన్ను గడప దాటమంటే ఎలాగమ్మా అంది నర్సమ్మ.

రచయిత్రి తప్పేముంది? ఆమెకి నిజంగానే తెలియదు. తన ఏడో ఏట అమ్మ వెళ్ళిపోయింది. ఎందుకని నాన్నని అడిగితే లేచి వెళ్ళిపోయేవాడు. మేనత్తని అడిగితే కంచం ముందుకు జరిపి అన్నం తినమనేది. అక్కని అడగడం తనే మానేసింది. ఆమెకి మిగిలింది ఒక్క దృశ్యం. సాయంత్రం ఎండ, నీలం కర్టెన్, దాన్ని రాసుకుంటూ పోయిన చీర కొంగు, మెట్లు దిగుతున్న చెప్పుల చప్పుడు. అంతే. మాట లేదు. నాలుగు నాటకాలూ ఆ ఒక్క దృశ్యంలోంచే తోడుకుంది. అయిదోసారి దాన్నే ఉన్నదున్నట్టుగా, ముసుగులేమీ లేకుండా వేదిక మీద పెడదామని ఇన్నాళ్ళకి ధైర్యం చేసింది.

వెనక వరసలో కుర్చీ కిర్రుమంది. అక్క లేచి, కుర్చీల వీపులు పట్టుకుంటూ ముందుకు వచ్చింది. సుద్దగీతల దగ్గర ఆగి, వాటిని తొక్కకుండా చుట్టూ తిరిగి, తలుపు దగ్గరికి వెళ్ళింది. కర్టెన్‌ని చూపుడువేలూ బొటనవేలూ మధ్య నలిపి చూసింది. గుడ్డ ఏదైనా అలా చూడకుండా ఉండలేదు.

"ఇది ఎక్కడిది?" అంది.

మనింటిదే కదా అంది రచయిత్రి. అక్క తల అడ్డంగా ఊపింది. మనింట్లో కర్టెన్ ఎప్పుడూ లేదు, కర్టెన్ అత్త వాళ్ళింట్లో, మెట్లు కూడా అక్కడివే, మనది నేల మీది ఇల్లు అంది. రచయిత్రికి నవ్వొచ్చింది. నువ్వే మరిచిపోయావేమో అనబోయింది. ఆ లోపలే అక్క మిగతాది చెప్పేసింది.

"నువ్వు చూడలేదు చిన్నీ. అమ్మ వెళ్ళింది పొద్దున. అప్పుడు నువ్వు బళ్ళో ఉన్నావు."

రచయిత్రి సుద్దగీతల మధ్య నిలబడిపోయింది. ఎవరో చెయ్యి పట్టుకుని తిప్పి వదిలేస్తే కాసేపటిదాకా గది తిరుగుతూనే ఉన్నట్టు ఉంది ఆమెకి. కర్టెన్ లేదా? పోనీ. మెట్లు లేవా? అదీ పోనీ. కానీ ఆ కొంగు? ఆ చెప్పుల చప్పుడు? అవి ఎవరివి? అత్తవా? నలభై ఏళ్ళుగా కంటిపాపలా కాపాడుకుంటూ వచ్చిన దృశ్యం తను చూసింది కాదంటే, దాంట్లోంచి తోడుకున్న నాలుగు నాటకాలూ ఎక్కడివి?

నర్సమ్మ మెల్లిగా లేచి తన కుర్చీ అక్క వైపు జరిపింది. మీకు తెలిసే ఉంటుంది కదండీ, ఆవిడ ఎందుకు వెళ్ళిందో అంది. అక్క కూర్చుని మోకాలు రాసుకుంది.

"ఎందుకు వెళ్ళిందన్నది ఆవిడ సంగతి. ఎలా వెళ్ళిందో నాకు తెలుసు. ఎలా తిరిగొచ్చిందో కూడా తెలుసు."

తిరిగి రావడం అనే మాట ఆ ఇంట్లో ఎవరూ ఎప్పుడూ అనలేదు. రచయిత్రి రాసిన ఏ నాటకంలోనూ లేదు. ఆమె సరిగ్గా వినలేదేమోననుకుని అక్క మొహంలోకి చూసింది. అక్క మాత్రం గుడ్డ మీద గీత గీస్తున్నంత నిదానంగా చెప్పుకుపోయింది.

అమ్మ వెళ్ళిన ఎనిమిదో రోజు, మధ్యాహ్నం. నాన్న పనికి వెళుతూ, ఎవరొచ్చినా తలుపు తీయొద్దు, పలకొద్దు అని చెప్పి మరీ వెళ్ళాడు. లోపల గడియ పెట్టుకుని ఇద్దరూ ఆడుకుంటున్నారు. అక్కకి పదమూడు, చెల్లెలికి ఏడు. అప్పటికే చెల్లెలికి గొంతులు మార్చడం పిచ్చి. వెనకింటి పెన్షను ముసలాయన గొంతైతే అచ్చు దింపేసేది. అక్క కూడా వంత పాడేది. ఆ పెద్దాయన అడిగినదానికల్లా, చందాకైనా చేబదులుకైనా, లోపల్నుంచే ఒక మాట అనేవాడు. ఆ మాట పిల్లలిద్దరికీ నోటి చివర ఉండేది.

అప్పుడు తలుపు చప్పుడైంది. అమ్మ గొంతు. ఇద్దరి పేర్లూ పెట్టి పిలిచింది. బండి మాట్లాడుకుని వచ్చాను, బట్టలు కూడా అక్కర్లేదు, చెప్పులేసుకుని వచ్చేయండి అంది. లోపల చప్పుడు లేదు. మళ్ళీ పిలిచింది. అప్పుడు లోపల్నుంచి ఒక గొంతు, ముసలాయన గొంతు, అంది.

"'ఇంట్లో ఎవరూ లేరు. రేపు రండి.'"

అక్క ఆ మాటను గొంతు మార్చకుండా, చీటీ చదివినట్టు చదివేసింది. అమ్మ కాసేపు బయటే నిలబడిందట. తర్వాత బండి కదిలిన చప్పుడైంది. అమ్మ వచ్చి వెళ్ళిందని సాయంత్రం నాన్నకు ఎవరో చెప్పారు. తెల్లారేసరికి ఇద్దర్నీ అత్త ఇంటికి మార్చేశాడు. రేపు రమ్మంటే అమ్మ నిజంగానే మర్నాడు వచ్చింది. అప్పుడు నిజంగానే ఇంట్లో ఎవరూ లేరు.

దర్శకుడు ఉన్నచోట ఉండలేకపోయాడు. ఇంతకంటే ఆఖరి రంగం ఏం కావాలి మేడమ్, కర్టెన్ తీసేద్దాం, తల్లి బయట, పిల్లలు లోపల, వెలుతురు తలుపు కింది సందులోంచి రావాలి అంటూ అప్పుడే గీతలు చెరిపేయడానికి వంగాడు. అక్క అతన్ని కోప్పడలేదు. "బాబూ, ఇది మా ఇంటి గుడ్డ. కత్తెర లోపల పెట్టు" అంది. అతను సుద్దముక్క జేబులో వేసుకుని, కింద టికెట్లు అచ్చై వచ్చాయేమో చూసొస్తానని మెట్లు దిగాడు.

రచయిత్రికి ఇవేవీ చెవికెక్కలేదు. ఎవరు గొంతు మార్చారో అక్క పైకి అనకపోయినా, గొంతులు మార్చే పిచ్చి ఎవరిదో చెప్పనే చెప్పింది. అంటే నేనే. అమ్మను పంపేసింది నేనే. మాట లేకుండా వెళ్ళిపోయిందని నలభై ఏళ్ళు అమ్మ మీద నేరం మోపుతూ వచ్చాను, మాట అన్నదాన్నీ నేనే. ఆమెకి ఏడుపు రాలేదు. నమ్మాలో వద్దో తెలియకపోతే ఏడుపైనా ఎలా వస్తుంది? గుర్తున్నదేమో జరగలేదు. జరిగిందేమో గుర్తులేదు. నర్సమ్మ తెచ్చిచ్చిన మంచినీళ్ళు తాగుతూ, ఆ గ్లాసైనా నిజంగా తన చేతిలో ఉందా అని చూసుకుంది.

గ్లాసు తీసుకుంటూ నర్సమ్మ ఆగింది. ఆవిడ మొహం కూడా మారింది.

"గడపమ్మా, ఈ మాట నాకు తెలుసు" అంది. "తెలియడమేంటి, ఈ మాటకి ఎదురుగా నిలబడి ఇరవై ఆటలు ఆడాను."

అవును. రచయిత్రి మొదటి నాటకం హాస్యం. ఒక ముసలావిడ పెద్దమనిషి సంతకం కోసం రోజూ వచ్చి తలుపు కొడుతుంది. లోపల్నుంచి కాపలావాడు రోజూ అదే మాట అంటాడు, ఇంట్లో ఎవరూ లేరు, రేపు రండి అని. మొదటిసారి జనం చిన్నగా నవ్వేవారు, మూడోసారికి హాలు దద్దరిల్లేది. ఆ ముసలావిడ వేషం నర్సమ్మదే. నవ్వులు తగ్గేదాకా ఆగి అప్పుడు తిరిగి వెళ్ళేదాన్ని అని ఇప్పుడు గుర్తుచేసుకుంది. ఆ మాట కోసం రచయిత్రి గదిలో నడవలేదు, కుర్చీలు జరపలేదు. కలం పెట్టగానే వచ్చింది. ఎంత సులువుగా వచ్చిందీ అని ఆ రోజు తనలో తనే మురిసిపోయింది కూడా.

ఆమె అక్క వైపు తిరిగింది. ఒక్కటి మాత్రం పొసగడం లేదు. ఈ ముక్క నలభై ఏళ్ళు దాచి ఇవాళే ఎందుకు చెబుతున్నావు, నాటకం నువ్వు చూడలేదు కదా, ఆ మాట అందులో ఉందని నీకెవరు చెప్పారు అని అడిగింది. ఉందని నేనెక్కడన్నాను అంది అక్క. కానీ నర్సమ్మ చెప్పినప్పుడు అక్క ఉలిక్కిపడలేదు. రచయిత్రి అది చూసింది. చెప్పమని మళ్ళీ అడిగింది.

అక్క సంచి గట్టిగా పట్టుకుంది.

"నేను చూడలేదు. అమ్మ చూసింది."

నర్సమ్మ నెమ్మదిగా లేచి కిటికీ దగ్గరికి వెళ్ళింది. వినకూడదనుకుందో, బాగా వినపడాలనుకుందో, అక్కడే నిలబడింది.

నాన్న చనిపోయిన ఏడాది అమ్మ దగ్గర్నుంచి అక్క కంపెనీకి ఉత్తరం వచ్చిందట. అప్పట్నుంచీ రెండు వారాలకో ఆదివారం అక్క వెళ్ళి చూసి వస్తోంది. బస్సులో గంట దూరం. ఇదీ అక్క కాళ్ళు చాపుకుని పడుకునే ఆదివారం. చెల్లెలికి ఎందుకు చెప్పలేదంటే, నువ్వు అడగలేదు అంది. అమ్మ కూడా చెప్పనివ్వలేదట. నాలుగు నాటకాలూ టికెట్టు కొనుక్కుని, వెనక కూర్చుని చూసి, దీపాలు వెలగకముందే లేచి వెళ్ళిపోయిందట. ఈ సంగతి అక్కకి కూడా తెలియదు. పోయిన ఆదివారం, గోడ మీద అయిదో నాటకం పోస్టరు చూసి వచ్చి, మొదటిసారి నోరు విప్పింది.

"విప్పి, నన్ను అడిగింది" అంది అక్క. "'ఆ రోజు లోపల్నుంచి మాట్లాడింది నువ్వే కదా పెద్దదానా' అని. నేను కాదు, చిన్నది అమ్మా, గొంతులు మార్చేది అదే కదా అన్నాను. నీ గొంతు నాకు తెలియదా అంది."

అక్క చేతులు సంచి పట్టీని మడిచి, విప్పి, మళ్ళీ మడుస్తున్నాయి. ఎన్ని పొరల గుడ్డనైనా ఒక్క గీతన కోసే చేతులు. రచయిత్రి అక్క చేతుల్ని అలా ఎప్పుడూ చూడలేదు.

వారమంతా లెక్కవేసుకున్నానంది అక్క. నువ్వు వెనకగదిలో మంచం కింద ఉన్నావు, అది నాకు బాగా గుర్తు, అక్కడ్నుంచి నువ్వు ఎంత గట్టిగా అన్నా వీధి తలుపు అవతలికి వినపడదు, తలుపు దగ్గరున్నది నేను, మరి అన్నది నేనేనా, అంటే నాకెందుకు గుర్తులేదు, పదమూడేళ్ళదాన్ని, ఊరికే అంటానా, తెలిసే అన్నానా? నీదేనని అనుకోబట్టే ఇన్నేళ్ళూ నీకు చెప్పకుండా దాచాను. నాదైతే, ఎవరి దగ్గర్నుంచి దాచినట్టు?

"ఆ మాట నువ్వు నాటకంలో రాశావంటే నీకెక్కడో గుర్తుండే ఉంటుంది" అంది. "అందుకే వచ్చాను. ఎవరి గొంతో చెప్పు చిన్నీ."

రచయిత్రి గుర్తుచేసుకోవడానికి నిజంగా ప్రయత్నించింది. మంచం కింది చీకటి ఉందా అంటే ఉన్నట్టే ఉంది. తలుపు చప్పుడు వినిపిస్తోందా అంటే వినిపిస్తున్నట్టే ఉంది. కానీ అక్క చెప్పిన ప్రతిదీ చెప్పిన మరుక్షణం కళ్ళకు కడుతోంది. ఏది తన జ్ఞాపకమో, ఏది ఇప్పుడు అల్లుకుంటున్నదో గీత గీయడం ఆమె వల్ల కాలేదు. ఎదురుగా అక్క. అమ్మలా తల దువ్వి, జడలు వేసి, ఈమె పరీక్షల కోసం తన చదువు ఆపుకున్న అక్క. యాభై మూడేళ్ళ మనిషి పదమూడేళ్ళ పిల్ల మొహంతో కూర్చుని ఉంది.

"గుర్తుంది అక్కా" అంది రచయిత్రి. "నేనే. మంచం కిందనుంచి వచ్చాను. తలుపు దగ్గర, నీ వెనక నిలబడి అన్నాను."

మాట తడబడలేదు. నిలబడ్డ చోటు కూడా కుదిరింది. కిటికీ దగ్గర నర్సమ్మ మెల్లిగా ఇటు తిరిగింది.

అక్క కళ్ళు మూసుకుంది. భుజాలు దిగాయి. కళ్ళు తెరిచి చెల్లెలి చెయ్యి అందుకుని తన రెండు చేతుల మధ్య పెట్టుకుంది.

"అయితే మిగతాదీ నీకు గుర్తుంటుంది" అంది. "రేపు రండి అన్నాక, అమ్మ తలుపుకి మొహం ఆనించి ఆ గొంతునే ఒకటి అడిగిందట. ఏమడిగిందో నాకు చెప్పలేదు. అన్నవాళ్ళకే తెలుస్తుందంది. ఆ గొంతు దానికి జవాబు కూడా ఇచ్చిందట. ఆ జవాబు వినే వెళ్ళిపోయానంది." అక్క చెల్లెలి మొహంలోకి వంగి చూసింది. "సాయంత్రం బస్సుకి నేను అమ్మ దగ్గరికి వెళుతున్నాను. ఏమడిగింది చిన్నీ? నువ్వేమన్నావు?"